పసిపిల్లలున్న ఇంట్లో కంప్యూటరు శుభ్రం: ఒంగోలులో ఇంటికి వచ్చి చేసే ఒక సర్వీసు గురించి

ఒంగోలులో కర్నూలు రోడ్డుకు కొద్ది దూరంలోనే మా ఇల్లు. చీమకుర్తి క్వారీల నుంచి గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు మోసుకొచ్చే లారీలు ఆ రోడ్డు మీదనే నడుస్తాయి కనుక, ఉదయం తుడిచిన కిటికీ చువ్వల మీద సాయంత్రానికి మళ్ళీ బూడిదరంగు పొర కనిపిస్తుంది. ఇంట్లో నాలుగేళ్ళ బాబు, ఏడాదిన్నర పాప ఉన్నారు. రెండు పాలిషింగ్ యూనిట్లకూ ఒక సిమెంటు దుకాణానికీ లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం నా పని. అందుకు వాడే డెస్క్‌టాప్ కంప్యూటరు హాలులోనే, పిల్లలు ఆడుకొనే చోటికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది; దానికంటూ వేరే గది మాకు లేదు. నా ఖాతాదారుల రిటర్నులు ప్రతి నెలా 11వ తేదీకి ఒకటి, 20వ తేదీకి ఒకటి వెళ్ళాలి కాబట్టి, ఆ రోజుల్లో యంత్రం ఒక్క పూట మొండికేసినా నాకు గండమే.

ఇలాంటి ఇంట్లో కంప్యూటరును శుభ్రంగా ఉంచడం, పిల్లల చేతుల నుంచి దానిని, దాని నుంచి పిల్లలను కాపాడుకోవడం ఎలాగో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో ఒకే షాపు వారిని రెండుసార్లు ఇంటికి పిలిచాను. యంత్రం విషయంలో వారి పనికి వంక పెట్టలేను. ఒక్క సందర్భంలో మాత్రం నా గుండె ఆగినంత పనయింది. రెండూ చెప్పడమే న్యాయం కనుక, షాపు పేరు పక్కన పెట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఏ షాపు వారిని పిలిచినా పనికివచ్చే వివరాలే ఇవి.

గత మే నెల చివర, రోహిణి కార్తె ఎండల్లో, కంప్యూటరు మధ్యాహ్నం పూట దానంతట అదే ఆగిపోవడం మొదలుపెట్టింది. అంతకు ముందు రెండు నెలలుగా లోపలి ఫ్యాను మిక్సీలో పప్పు రుబ్బుతున్నట్టు మోగుతూనే ఉంది. ప్రాసెసరు బాగా వేడెక్కినప్పుడు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుందనీ, అప్పటికీ వేడి దిగకపోతే యంత్రమే ఆగిపోతుందనీ అప్పట్లో నాకు తెలియదు. వైరస్ అనుకొని యాంటీవైరస్‌కు డబ్బు కట్టాను. దానికి తోడు, ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ కొన్నేళ్ళు వెనక్కి పోయేది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజరు ఏ సైటు భద్రతా పత్రాన్నీ నమ్మదు కనుక, జీఎస్టీ పోర్టలు తెరవబోతే ఎర్రగా హెచ్చరిక చూపించి ఆగిపోయేది. ముందు తేదీ సరిచేసి, ఆ తరువాత పని మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది.

ఊళ్ళో మూడు షాపులకు ఫోను చేశాను. రెండు షాపుల వారు సీపీయూను తెచ్చి ఇవ్వమన్నారు, మూడో వారు మనిషిని పంపుతామన్నారు. ఇంటికి వచ్చే సర్వీసుకు నేను మొగ్గు చూపడానికి కారణం మోత బరువు కాదు. యంత్రం ఎక్కడ ఉంటోంది, వైర్లు ఎలా వేలాడుతున్నాయి, పిల్లవాడి చేయి ఎంత ఎత్తుకు అందుతోంది అన్నవి షాపు బల్ల మీద ఎవరికీ కనిపించవు. వచ్చినందుకు 200, పూర్తి శుభ్రతకు 700, ప్రాసెసరు వేడిని దాని మీది రేకులకు చేరవేసే థర్మల్ పేస్టుకు 150, లోపలి సెల్లుకు 50, మొత్తం 1,100 రూపాయలు అని ముందే వాట్సాప్‌లో రాసి పంపారు. చివరికి తీసుకున్నదీ అంతే.

వచ్చిన అబ్బాయికి ఇరవై నాలుగైదేళ్ళు ఉంటాయేమో. చెప్పిన సమయానికి గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. చంటిపిల్లలున్న ఇంట్లో గంటన్నర అంటే పాప నిద్రపోయే వేళ కాస్తా దాటిపోయి, సరిగ్గా ఆమె లేచి తిరిగే వేళకు పని మొదలవడమని అర్థం. అయితే అతను చేసిన మొదటి పని చూశాక నా విసుగు చాలావరకు తగ్గింది. హాలులోనే స్క్రూలు విప్పుతాడేమో అనుకుంటే, "అక్కా, ఇక్కడ విప్పితే దుమ్మంతా పిల్లల మీదికే వస్తది, మేడ మీదికి తీసుకుపోదాం" అన్నాడు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పూర్తిగా ఊడదీసి, ఆ తరువాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నాడు. లోపల మిగిలిన కరెంటు పోవడానికని చెప్పాడు.

మేడ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, పక్క రేకు ఊడదీసినప్పుడు చూసినదాన్ని మరచిపోలేను. ప్రాసెసరు మీది అల్యూమినియం రేకుల మధ్య సందు అన్నది లేదు. పాత కంబళి ముక్కను కత్తిరించి అక్కడ అతికించినట్టుంది. అతను వేలితో కొంచెం తీసి నలిపి, "ఉత్త దుమ్మయితే రాలిపోయేది, ఇందులో జిడ్డుంది" అంటూ నాకు చూపించాడు. వాసన చూశాను. సాంబ్రాణి. పాపకు తలంటు పోసిన ప్రతిసారీ మా అత్తయ్య హాలులోనే, ఫ్యాను గాలి తగలని మూల అని, సరిగ్గా ఈ బల్ల పక్కనే సాంబ్రాణి పొగ వేస్తారు. ఆ వెంటనే ఒళ్ళంతా పౌడరు అద్దుతాం. కంప్యూటరు ఫ్యాను తన చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుంటుంది; రోడ్డు దుమ్ము, పౌడరు, పొగలోని జిడ్డు మూడూ కలిసి రేకుల మధ్య ముద్దకట్టాయి. ఏళ్ళ తరబడి పైపైన గుడ్డతో తుడుస్తూ శుభ్రంగా ఉంచుతున్నాననే అనుకున్నాను. ఆ రోజు నుంచి సాంబ్రాణి వెనక గదిలోకి మారింది. అత్తయ్య మొదట ఒప్పుకోలేదు కానీ, ఆ జిడ్డు ముద్దను కాగితం మీద పెట్టి చూపించాక ఇంకేమీ అనలేదు.

క్యాబినెట్ అడుగున రెండు బలపం ముక్కలు, బిస్కెట్టు పొడి, దాని కోసం వచ్చిన చీమలు, ఎండిపోయిన బల్లి గుడ్డు పెంకు ఒకటి దొరికాయి. డీవీడీ డ్రైవులోంచి రెండు రూపాయల నాణెం బయటపడింది. ముందు భాగంలోని యూఎస్‌బీ రంధ్రంలో చాక్లెట్టు చుట్టిన వెండి కాగితం చక్కగా మడిచి దూర్చి ఉంది. నాణెం కన్నా ప్రమాదకరమైనది ఆ కాగితమేనని అతను చెప్పాడు, నిజమే కూడా. అది లోహం కనుక లోపలి పిన్నులను ఒకదానితో ఒకటి కలిపేస్తే ఆ పోర్టే కాదు, అదృష్టం బాగాలేకపోతే మదర్‌బోర్డే పోవచ్చు. పోర్టులకు పెట్టే రబ్బరు మూతలు అమ్ముతారు కానీ, పాప గోటితో లాగేసి నోట్లో పెట్టుకొనేంత చిన్నవి కావడంతో నేను కొనలేదు. సీపీయూను అటు తిప్పి పెట్టడమే మేలనిపించింది.

శుభ్రం చేసిన తీరు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో బ్లోయరు కొనుక్కొని సొంతంగా చేసుకోవాలని చాలామంది అనుకుంటారు. అతను నేరుగా గాలి కొట్టలేదు. ముందు మెత్తని కుంచెతో జిడ్డు ముద్దను వదులు చేసి, ఆ తరువాత బ్లోయరు పెట్టాడు. గాలి కొడుతున్నంతసేపూ ఒక వేలితో ఫ్యాను రెక్కను కదలకుండా పట్టుకున్నాడు. బ్లోయరు గాలికి ఫ్యాను మామూలు కన్నా ఎన్నో రెట్ల వేగంతో తిరిగితే బేరింగు పాడవుతుంది. పైగా తిరుగుతున్న మోటారు తానే కరెంటు పుట్టించి బోర్డులోకి పంపే అవకాశం ఉంది. ఎస్‌ఎంపీఎస్ అనే, యంత్రానికి కరెంటు అందించే పెట్టెను విప్పలేదు, జాలీ బయటి నుంచే గాలి కొట్టి వదిలేశాడు. ప్లగ్గు తీసేసినా దాని లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది కనుక, దానిని విప్పకపోవడమే పనితనం. ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనరు వాడకూడదా అని అడిగితే, దాని గొట్టం చివర స్థిరవిద్యుత్తు పుట్టి బోర్డును దెబ్బతీయవచ్చని వద్దన్నాడు. ఫ్యాను ఊడదీసి, ప్రాసెసరు మీద ఎండి పెచ్చులు కట్టిన పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాడు. ర్యామ్ పలకల కాళ్ళను తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి మిగలకుండా కుంచెతో దులిపాడు. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి మా ఊళ్ళో ఇనుప గ్రిల్లులనే తినేస్తుంది. ఈ సన్నని కాళ్ళ మీద మరక పట్టడంలో వింత లేదు.

మొత్తం గంటా పది నిమిషాలు పట్టింది. శుభ్రం చేయకముందు బయాస్ తెరలో (విండోస్ మొదలవకముందు తెరుచుకొనే సెట్టింగుల తెర) 84 డిగ్రీలు చూపించిన ప్రాసెసరు వేడి, బిగించాక అదే గదిలో, అదే మధ్యాహ్నం 52 దగ్గర నిలిచింది. ఫ్యాను చప్పుడు వినిపించడం మానేసింది. ఆ జూన్ 11వ తేదీ పని ఒక్కసారి కూడా ఆగకుండా పూర్తయింది. ఇంతవరకు ఐదుకు ఐదు ఇవ్వవలసిన పనే.

ఇక నన్ను భయపెట్టిన విషయం. తేదీ వెనక్కి పోవడానికి కారణం మదర్‌బోర్డు మీది గుండ్రని సెల్లు అయిపోవడమే. అతను పాతది తీసి కొత్తది వేశాడు. తీసిన పాత సెల్లును, మిగిలిపోయిన రెండు స్క్రూలతో పాటు, హాలులోని టీపాయ్ మీద పెట్టి, బల్ల కిందికి వంగి వైర్లు తగిలిస్తున్నాడు. నేను బాబును కుర్చీ మీద నుంచి దించుతున్నాను. అటు తిరిగి చూసేసరికి పాప టీపాయ్ అంచు పట్టుకొని నిలబడి ఉంది, మూసిన పిడికిలి నోటి దగ్గర ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పితే అరచేతిలో వెండిలా మెరుస్తున్న ఆ సెల్లు, దాని మీద చెమట తడి. ఆమెకు అది కొత్త రూపాయి బిళ్ళ లాంటిది.

ఇక్కడ కొంచెం నిలబడి చెబుతాను, ఎందుకంటే చదువుకున్నవారిలోనూ చాలామందికి దీని తీవ్రత తెలియదు. సీఆర్ 2032 అనే ఈ సెల్లు 20 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, 3 వోల్టులు ఇస్తుంది. చిన్నపిల్ల గొంతు దిగువన అన్నవాహికలో ఇరుక్కుపోవడానికి సరిగ్గా సరిపోయే కొలత అది. ఇరుక్కున్న చోట లాలాజలపు తడి తగలగానే కరెంటు ప్రవహించి, ఆ చోట క్షారం పుట్టి, రెండు గంటల్లోనే అన్నవాహిక గోడను కాల్చేయగలదు. యంత్రానికి పనికిరాకుండా పోయిన పాత సెల్లులోనూ ఆ పని చేయగలిగినంత శక్తి మిగిలే ఉంటుంది. పిల్ల మింగినప్పుడు ఎవరూ చూడకపోతే, తొలి గంటల్లో దగ్గో, చొల్లు కారడమో, అన్నం వద్దనడమో తప్ప వేరే గుర్తే ఉండకపోవచ్చు. మింగిందన్న అనుమానం వస్తే చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, విరేచనంలో పడుతుందిలే అని ఎదురుచూడకుండా, వెంటనే ఎక్స్‌రే తీయగల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఇదే రకం గుండ్రని సెల్లు కారు తాళంలోనూ, వంటింటి తూకంలోనూ, కొన్ని సన్న రిమోట్లలోనూ ఉంటుంది.

ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది, తప్పయిందన్నాడు. కోపం అతని మీద కన్నా ఆ పద్ధతి మీద కలిగింది. యంత్రాన్ని ఎలా విప్పాలో ఎవరో అతనికి శ్రద్ధగా నేర్పారు. విప్పిన ముక్కలు ఎక్కడ పెట్టాలో నేర్పలేదు. షాపులో బల్ల మీద పని చేసే అలవాటును అలాగే ఇంటికి తీసుకువస్తున్నారు. ఆ రాత్రి షాపు యజమానికి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆయన వాదించలేదు, "మా ఇంట్లోనూ మనవరాలుందమ్మా, నేను చూసుకుంటాను" అని మాత్రం అన్నారు. పాత సెల్లుకు రెండు వైపులా టేపు అంటించి, మూత బిగుతుగా ఉండే సీసాలో వేసి, అల్మారా పైఅరలో పెట్టాను.

రెండో ఫిర్యాదు చిన్నది. మానిటరు తుడవడానికి అతను అద్దాలు తుడిచే నీలం ద్రవాన్ని నేరుగా తెర మీద చల్లబోయాడు, నేను ఆపాను. అమోనియా ఉన్న ద్రవాలు తెర మీది పూతను చెడగొడతాయి. పైన చల్లినది కిందికి జారి చట్రం సందులోంచి లోపలికి దిగుతుంది. ఈ జాగ్రత్త నేనూ నష్టపోయి నేర్చుకున్నదే. ఒకప్పుడు పాప కోసం కొన్న తడి వైప్స్‌తో తెర తుడిచేదాన్ని, వాటిలోని నూనె, తేమనిచ్చే పదార్థాలు తెర మీద ఇంద్రధనుస్సు చారలు మిగిల్చేవి. ఇప్పుడు మైక్రోఫైబర్ గుడ్డ చివరను మంచినీళ్ళతో తడిపి, గట్టిగా పిండి, తెర ఆపి చల్లారిన తరువాత తుడుస్తున్నాను. బాబు వేలిముద్రలు, ఆముదం మరకలు అన్నీ దానితోనే పోతున్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు సీసాను మాత్రం ఇంట్లో ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు. నీళ్ళలా కనిపిస్తుంది, తాగితే విషం, వంటింటి మంట దగ్గర అంటుకుంటుంది. వారు వచ్చినప్పుడు తెచ్చి, వెళ్ళేటప్పుడు తీసుకువెళ్తే చాలు. దాని బదులు చేతులకు రాసుకొనే శానిటైజరు వాడదామంటే అందులో నీళ్ళూ గ్లిసరినూ ఉంటాయి, బోర్డు మీద పనికిరాదు.

జూలైలో కీబోర్డు మీద గ్లాసెడు రాగి జావ ఒలికింది. షాపుకు ఫోను చేస్తే అదే అబ్బాయి పది నిమిషాలు లైనులో ఉండి, ఒక్కొక్కటిగా చెబుతూ నా చేత పని చేయించాడు, డబ్బు అడగలేదు. వెంటనే వైరు లాగేసి కీబోర్డును బోర్లించాను. ఫోనుతో మీటల వరుస ఫొటో తీసుకొని, ఒక్కొక్క మీటనూ మెల్లగా పైకి పీకి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో వేశాను. రాగి జావ ఆరితే మైదా జిగురుకు తీసిపోదు. మీటల కింద అట్ట కట్టకముందే తుడవడం వల్లనే కీబోర్డు బతికింది. కడిగిన మీటలను గుడ్డ మీద నీడలో పరిచి లెక్కపెట్టాను. 104 ఉండాలి, 103 ఉన్నాయి. ఆ ఒక్క మీట కోసం మంచం కిందా, బాబు జేబులోనూ, పాప నోట్లోనూ వెతికి, చివరికి చెంబు అడుగున దొరికాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. లెక్క తప్పితే లేచి వెతకవలసిందే. మీట ఒకటి గొంతుకు అడ్డుపడేంత చిన్నది. అత్తయ్య ఆదరంగా డబ్బాలోంచి బియ్యం తెచ్చారు, అందులో పాతిపెడితే తడి పోతుందని. బియ్యం లోపలి తడిని లాగదు, బియ్యం మీది తవుడు పొడి సందుల్లోకి చేరుతుంది. ఒక రోజున్నర గాలికి ఆరబెట్టి తగిలిస్తే కీబోర్డు మామూలుగానే పని చేసింది. ఎంటర్ మీట ఒక్కటి రెండు రోజుల పాటు బరువుగా నొక్కుకుంది.

కీబోర్డు మీద పరిచే సిలికాన్ తొడుగు 250 రూపాయలకు కొన్నాను. ఎవరికీ సిఫారసు చేయను. డెస్క్‌టాప్ కీబోర్డుల కొలతలు రకరకాలు. నాది అంచుల దగ్గర లేచి నిలబడింది, అంకెల మీటల మీద వేలు జారి లెక్క తప్పు పడింది. పని అయిపోగానే కీబోర్డునూ మౌసునూ ఎత్తి పై అరలో పెట్టడం పైసా ఖర్చు లేని ఉపాయం, అదే పాటిస్తున్నాను.

ఆ అబ్బాయి ఇచ్చిన సలహాల్లో అన్నిటికన్నా విలువైనవి శుభ్రానికి సంబంధించినవి కావు, స్థలానికి సంబంధించినవి. నేల మీద ఉన్న సీపీయూను రెండడుగుల ఎత్తు బల్ల మీదికి మార్పించాడు. నేలకు దగ్గరగా ఉన్న గాలిలోనే దుమ్మెక్కువ, చీమలకూ పాకే పిల్లకూ అందుబాటులో ఉండేదీ అదే ఎత్తు. వెనక్కీ పక్కకూ జానెడు ఖాళీ ఉంచమన్నాడు. పని చేయనప్పుడు గుడ్డ కప్పుకోవచ్చు గానీ, యంత్రం నడుస్తుండగా కప్పితే గాలి ఆడక మళ్ళీ మొదటికే వస్తుందని హెచ్చరించాడు. మెరిసే పవర్ బటన్ అంటే బాబుకు ప్రాణం. విండోస్ సెట్టింగుల్లో ఆ బటన్ నొక్కితే ఏమీ జరగకుండా మార్చి ఇచ్చాడు. నొక్కి పట్టుకుంటే ఇప్పటికీ ఆగిపోతుంది, అయితే వాడి ఓపిక అంతదాకా రాలేదు.

మానిటరు సంగతి వేరు. తేలికైన ఎల్‌ఈడీ మానిటరు సన్నని కాలు మీద నిలబడి ఉంటుంది, దాని వైరు బల్ల అంచు నుంచి వేలాడుతుంటే నిలబడటం నేర్చుకునే పిల్ల దాన్నే పట్టుకొని లేస్తుంది. వెనకవైపు నాలుగు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలిస్తే 100 మిల్లీమీటర్లు ఉంది. కొన్ని చిన్న తెరలకు 75 ఉంటుంది. ఆ కొలత చెప్పి హార్డ్‌వేర్ షాపులో గోడకు బిగించే బ్రాకెట్టు కొని, వడ్రంగి చేత ఇటుక గోడకు బిగించాను. వైర్లన్నీ కట్టగట్టి బల్ల వెనక కాలికి అంటించిన గొట్టంలోంచి దించాము.

కరెంటు పని ఈ సర్వీసు వారిది కాదు, ఆ మాట వారే చెప్పారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు పనులు చేయించాను. ఎర్త్ సరిగా ఉందో లేదో చూపించాను. లీకేజీ వస్తే కరెంటు కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బోర్డులో పెట్టించాను. పాత ఎక్స్‌టెన్షన్ పెట్టె తీసేసి, ఐఎస్ఐ గుర్తుతో, రంధ్రాలకు లోపల అడ్డురేకు ఉన్నది తెచ్చాను. పొడవైన ఎర్త్ పిన్ను ముందుగా వెళ్ళినప్పుడే మిగతా రెండు రంధ్రాలు తెరుచుకొనే రకం అది. రంధ్రాల్లో గుచ్చే ప్లాస్టిక్ మూతలు బజారులో చవకే, కానీ వాటిని ఊడపీకడం బాబుకు రెండు రోజుల్లో వచ్చేసింది.

సర్వీసు వారు ఏడాదికి నాలుగుసార్లు వచ్చే ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) 3,000 రూపాయలకు ఇస్తామన్నారు. నాకు అవసరమనిపించలేదు. మా ఊరి వాతావరణానికి రెండుసార్లు చాలు: ఎండలు ముదరకముందు ఉగాది రోజుల్లో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల తేమ తగ్గాక సంక్రాంతికి ఇంట్లో బూజు దులిపే రోజుల్లో ఒకసారి. పనితనానికీ, ముందు చెప్పిన ధరకే కట్టుబడినందుకూ, ఫోనులో ఇచ్చిన సాయానికీ కలిపి ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటి ఆలస్యానికి కాదు, టీపాయ్ మీది సెల్లుకు. పిల్లలున్న ఇంటివారు ఎవరైనా వీరిని గానీ, ఇలాంటి మరొకరిని గానీ పిలిచేటప్పుడు, పని జరిగే ఆ గంటసేపూ పిల్లలను చూసుకోవడానికి ఇంకో పెద్దమనిషి ఇంట్లో ఉండేలా చూసుకోండి. పాత సెల్లు నా చేతికే ఇవ్వండి అని మొదటే చెప్పండి.

మొన్న సంక్రాంతికి నాలుగు రోజుల ముందు రెండోసారి పిలిచాను. పావుగంట ముందే వస్తున్నానని ఫోను చేశాడు, పాప పడుకున్న వేళకే వచ్చాడు. ఈసారి రేకుల మధ్య పల్చని పొడి దుమ్మే ఉంది, కుంచె తగలగానే రాలిపోయింది. సాంబ్రాణి జిడ్డు లేదు. అతని సంచిలోంచి ఒక స్టీలు డబ్బా బయటికి వచ్చింది, మూతకు గొళ్ళెం ఉన్నది. విప్పిన ప్రతి స్క్రూనూ అందులో వేసి మూత పెట్టాడు. బిగించడం అయిపోయాక డబ్బా తెరిచి, ఖాళీ అడుగును నాకు చూపించి, "లెక్క సరిపోయింది చూడక్కా" అన్నాడు. బిల్లు 900 అయింది. పేస్టూ సెల్లూ ఈసారి అవసరం రాలేదు.